సన్నాయి కింది మాట

సులైబియా దారిలో ట్రాఫిక్ దీపాలు ఇంకా తమ పని తాము చేసుకుంటూనే ఉన్నాయి. ఎర్రది వెలుగుతుంది, పచ్చది వెలుగుతుంది, మళ్ళీ ఎర్రది. ఆగడానికి గానీ కదలడానికి గానీ రోడ్డు మీద బళ్ళు లేవు. ఉన్న ఒక్క హాఫ్ లారీ మాత్రం ఎర్ర దీపం దగ్గర బుద్ధిగా ఆగింది. డ్రైవరు ముసలి పఠాను. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి నెల కావస్తోంది. పోలీసు లేడు, జరిమానా రాసే చెయ్యి లేదు. అయినా ముసలాయన కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. ఊళ్ళు పోయాక కూడా కొన్నాళ్ళు అలవాట్లు బతుకుతాయి కాబోలు. పాడుబడిన పట్నాల్లో తిరిగినవాళ్ళెవరిని అడిగినా, కళ్ళు గోడల్ని పోల్చుకోకముందే కాళ్ళకు దారి గుర్తొచ్చిందనే చెబుతారు.

వెనకాల ఖాళీ గోనెసంచుల మీద కుక్కుటేశ్వరరావు కూర్చుని ఉన్నాడు. అంబాజీపేట మనిషి. అబ్బాసియాలో వీడియో స్టూడియో పెట్టుకుని పెళ్ళిళ్ళు, బారసాలలు, ఓనం భోజనాలు, ఎవరు పిలిస్తే వాళ్ళవి తీసి బతికాడు. కెమెరా చేతిలో ఉంటే సైనికులు మనిషిని కూడా పట్టుకుపోతున్నారని విని, దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి స్టూడియో వెనక నీళ్ళ ట్యాంకు కింద పాతేశాడు. కెమెరా మట్టిలోకి పోయినా కన్ను మాత్రం ఇంకా అద్దంలోంచే చూస్తోంది. ఎదురుగా ఖాళీ విల్లాలు, గోడ మీంచి వేలాడే కాగితంపూలు, రోడ్డు మధ్య తీరిగ్గా నడిచే మేకలు. దేన్ని చూసినా దానికి నాలుగు అంచులు గీసుకుని, కొంచెం దగ్గరికి లాక్కుని, మళ్ళీ దూరంగా వదిలేస్తున్నాడు. ఒళ్ళో సంచి. సంచిలో రెండు చొక్కాలు, చక్కెర పొట్లం, ఒక వీడియో క్యాసెట్టు.

ఆ ఎర్ర దీపం దగ్గరే ఎండమావి అంచున ఒక మనిషి కనబడ్డాడు. మొదట కాళ్ళు లేవు. నడుము నుంచి పైకి మాత్రమే ఉన్నాడు, నీళ్ళ మీద తేలుతున్నట్టు. తరవాత మోకాళ్ళు వచ్చాయి, చెప్పులు వచ్చాయి. అప్పటికి దీపం పచ్చగా మారింది గానీ, నడిచివచ్చే మనిషి కోసం పఠాను బండి కదపలేదు.

ఆ మనిషి బండి చెక్క మీద చెయ్యి వేశాడు. "అన్నా, నువ్వు కెమెరా ఆయన గదా?"

"మెల్లగా అనండి బాబూ! కెమెరా లేదు, గిమెరా లేదు."

"సులైబియా కోళ్ళ గోడౌనుకేనా పోతాండేది?"

"ఆయ్. మరి మీరూ?"

"నేనూ ఆడికే. నన్ను గుర్తు పట్లేదా? నన్ను తీసినావు నువ్వు."

కుక్కుటేశ్వరరావు పేర్లు మరచిపోతాడు, ఊళ్ళు మరచిపోతాడు, తీసిన మొహాన్ని మాత్రం మరచిపోడు. ఎండకు కమిలిన ఈ మొహం మీంచి దుమ్ము తుడిచేసి చూసుకున్నాడు. "ఓబులేసు గారు! కూత ఓబులేసు గారు కాదండీ? అయ్యబాబోయ్, ఎంత చిక్కిపోయేరండీ. ఎక్కండి, ఎక్కండి."

ఓబులేసు ఎక్కి పక్కన గోనె మీద కూర్చున్నాడు. చేతిలో సంచి కూడా లేదు.

"సామాను ఏదండీ?"

"అబ్బాసియాలో ఉండాది. రేపు ఇస్కూలు కాడినుంచి ఊరికి పోయేదానికి నాకు బస్సుండాది. ఈ పొద్దు మా బామ్మర్ది కోసరం పోతాండా. వాడు గంగరాజు మేస్త్రీ లారీ ఎక్కుతాండాడు. ఎక్కగూడదు."

గంగరాజు మేస్త్రీ కోళ్ళ గోడౌనులో కూలీల మీద పెద్ద. గోడౌనుకు మాంసం తెచ్చే చల్లటి పెట్టె లారీ ఒకటి అతని చేతికి దొరికింది. దాంట్లో జనాన్ని బస్రా మీదుగా జోర్డాన్ సరిహద్దు దాకా చేరుస్తానని అతను అబ్బాసియాకూ మంగఫ్‌కూ కబురు పెట్టాడు. కుక్కుటేశ్వరరావుకూ అందులోనే చోటు. ఒక్క షరతు: క్యాసెట్టు తేవాలి.

"ఎందుకండీ ఎక్కకూడదు? ఈ ఎండల్లో ఏసీ బస్సు కన్నా నయం కదండీ."

"ఆ పెట్టె తలుపు లోపలినుంచి తెరుచుకోదన్నా. గడియ బయట ఉంటాది. గడియ కాడ ఉండేది గంగరాజు."

"అదేదో మీ బామ్మర్ది గారికే చెప్పొచ్చు కదా."

ఓబులేసు రోడ్డు వైపు చూశాడు. "చెప్పినా. నమ్మల్యా. నువ్వు తీసిన క్యాసెట్టు చూసినాక నన్నెవురు నమ్ముతారు?"

బండి కదిలింది. కుక్కుటేశ్వరరావు ఒళ్ళోని సంచిని ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు.

ఈ తీరంలో ఒకప్పుడు ముత్యాలు ఏరేవాళ్ళు. ముక్కుకు చిన్న బిగింపు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని, ఒక్క ఊపిరితో సముద్రం అడుక్కి దిగేవాళ్ళు. ఊపిరి ఎంత పొడుగైతే ఇంటికి అన్ని మెతుకులు. తరవాత భూమిలో నూనె పడింది, ఆ ఊపిరితో పని లేకపోయింది. వింత ఏమిటంటే, ఒక్క ఊపిరి మీద బతికే మనుషులు మళ్ళీ ఈ తీరానికే వచ్చారు, ఈసారి కడప వైపు నుంచి. సులైబియా గోడౌనులో గడ్డకట్టిన కోళ్ళ పెట్టెలు మోసే వాళ్ళంతా కలిసి చెడుగుడు జట్టు కట్టారు. అందులో ఓబులేసు కూతకు వెళ్ళేవాడు. లక్కిరెడ్డిపల్లెలో మామిడితోట కాపలా కాసుకుంటూ నేర్చుకున్న కూత అది. అవతలి గీత దాటి, ఊపిరి తెగకుండా "చెడుగుడు చెడుగుడు" అంటూ, ముగ్గుర్ని ముట్టుకుని, ఆ మాట తెగకముందే తిరిగివచ్చేవాడు. మంగఫ్ ఇసుకలో ఆట చూడ్డానికి శుక్రవారం సాయంత్రాలు కంపెనీ బస్సుల్లో జనం దిగేవారు. ఓబులేసు కూత పెడితే చూసేవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టేవారు.

ఆ ఏడాది చలికాలం పోయేసరికి జట్టు కప్పు గెలిచింది. గంగరాజు కుక్కుటేశ్వరరావును పిలిపించాడు. "పెళ్ళి క్యాసెట్టు మాదిరి కాదు సామీ. టీవీలో వస్తాది చూడు, ఆ మాదిరి." కుక్కుటేశ్వరరావు పొంగిపోయాడు. ఎన్నాళ్ళ నుంచో పెళ్ళికూతుళ్ళ గాజులే తీస్తున్నాడు మరి. "డాక్యుమెంటరీ అంటారండి దాన్ని," అన్నాడు. ఆటలు తీశాడు, గోడౌను తీశాడు, ఒక్కొక్క ఆటగాణ్ణి నిమ్మచెట్టు కుండీ పక్కన నిలబెట్టి "జట్టు గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అన్నాడు. అందరూ మేస్త్రీ మాకు తండ్రి లాంటివాడన్నారు. ఓబులేసు మాత్రం చాలాసేపు మాట్లాడాడు, చివర్న ఏడ్చాడు. అద్దంలో కన్ను పెట్టుకున్న మనిషికి వెలుగు, నీడ, కంటి కొసన నీళ్ళు కనబడ్డాయే గానీ మాట చెవికెక్కలేదు.

ఎక్కింది తరవాత, స్టూడియోలో. పక్క కుర్చీలో గంగరాజు ఉన్నాడు. "ఇదేందిది? వీడు ఏమో వాగినాడే. తీసెయ్," అన్నాడు.

కుక్కుటేశ్వరరావుకు తన వృత్తిలో ఒక నియమం ఉంది, దెబ్బ తిని నేర్చుకున్నది. ఒకసారి అంబాజీపేట పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ మొహం క్యాసెట్టులో పడలేదు. ఆయన అలిగి ఏడాదిపాటు అక్కగారి గడప తొక్కలేదు. ఆనాటి నుంచి ఎవరి మొహాన్నీ తీసెయ్యడు. పెళ్ళి క్యాసెట్టులో ఎవరి మాటా ఎవరికీ అక్కర్లేదు. భజంత్రీలు, పాటలు, పైన మొహాలు. తన మొహం ఉంటే ప్రతి మనిషికీ తృప్తి. అందుకని ఓబులేసు మొహాన్ని ఉంచాడు, మాట తీసేశాడు. మాట ఉన్నచోట అప్పగింతలప్పుడు వాయించే సన్నాయి పెట్టాడు. ఏడుపు చూడగానే అతని చెయ్యి ఆ సన్నాయి దగ్గరికే పోతుంది. కన్నీళ్ళ బొట్టు దగ్గర ఆపి, తెర మీది బొమ్మను నక్షత్రం ఆకారంలో మూసేశాడు. ఓబులేసు గారికి గౌరవమే చేశాననుకున్నాడు, నిజంగానే.

చూసినవాళ్ళంతా ఆనందబాష్పాలన్నారు. కాపీలు ఊళ్ళకు పోయాయి. లక్కిరెడ్డిపల్లెలో ఓబులేసు భార్య చూసింది, ఆమె తమ్ముడు ఆంజి చూశాడు. చూసి, అంత మంచి మేస్త్రీ దగ్గర పని చెయ్యాలని మే నెలలో, ఆటలు లేని కాలంలో వచ్చి అదే గోడౌనులో చేరాడు.

"అసలు టేపు ఉంటాది గదా అన్నా? నా మాట ఉండేది?" బండి కుదుపుల మధ్య ఓబులేసు అడిగాడు. బామ్మర్దికి వినిపించడానికే అది అడుగుతున్నాడని కుక్కుటేశ్వరరావుకు అర్థమైంది.

"లేదండి."

"పాతిపెట్టినావా?"

"టేపు ఖరీదు కదండీ. ఒకసారి క్యాసెట్టు తయారైపోయేక దాని మీదే ఇంకోటి తీసేత్తాం. మా పని అంతేనండి. మీ దాని మీద... మలయాళీల నిశ్చితార్థం తీసేను."

ఓబులేసు నవ్వాడు. చిన్న నవ్వు, కడుపులోంచి కాదు. "అయితే నా మాటల మింద ఉంగరాలు మార్చుకోనుండారు. బాగుండారా వాళ్ళు?"

"బొంబాయి వెళ్ళిపోయేరండి, యుద్ధానికి ముందే."

"మంచిది."

ఎడారి రెండు వైపులా తెల్లగా, కలలో గదిలా, గోడలు లేకుండా పరుచుకుని ఉంది. గాలి ఉండుండి ఆగిపోతోంది. అప్పుడు బండి చప్పుడు కూడా దూరంగా ఎక్కడో వేరే బండిదిలా వినిపిస్తోంది.

దారిలో ఇసుకమూటల కాపలా దగ్గర సైనికులు ఆపారు. అందరికన్నా చిన్నవాడు, మీసం సరిగా రానివాడు, సంచిలో చెయ్యి పెట్టి క్యాసెట్టు తీశాడు. "షినూ హాదా?" ఇదేమిటని.

కుక్కుటేశ్వరరావు రెండు చేతులూ ఎత్తాడు. "రియాదా, రియాదా," అన్నాడు. ఆటలు అని. సైనికుడు ఫుట్‌బాలా అన్నట్టు కాలు ఊపాడు. అప్పుడు ఓబులేసు బండి దిగాడు. ఇసుకలో చెప్పు కొసతో గీత గీశాడు. తొడ చరిచి, వంగి, కూత అందుకుని సైనికుల వైపు పోయాడు. వాళ్ళు ముందు తుపాకులు ఎత్తారు, తరవాత నవ్వారు. ఒకడు ఉత్సాహంగా చేతులు చాపి అడ్డం కూడా వచ్చాడు. నాలుగడుగులు పోయేసరికి ఓబులేసు కూత తెగిపోయింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని దగ్గుతూ నిలబడిపోయాడు. గెలిచామనుకున్న సైనికులు చప్పట్లు కొట్టి క్యాసెట్టు వెనక్కి విసిరేశారు.

మళ్ళీ బండెక్కాక కుక్కుటేశ్వరరావు అతని వంక చూడలేకపోయాడు. మంగఫ్‌లో తనే ఆ కూతను మొత్తం తీశాడు. కెమెరా అటు తిప్పి ఇటు తిప్పి, జనాన్ని చూపించి వెనక్కి వచ్చినా ఇంకా తెగని కూత. ఇప్పుడు నాలుగు అడుగులు.

"గది చలి ఇంగా ఈడనే ఉండాదన్నా," అని ఓబులేసు ఛాతీ మీద వేలు పెట్టాడు. "పైన ఎంత ఎండ కాసినా దానికి తెలీదు."

గోడౌను ఆవరణలో రేకుల నీడన ముప్పై మంది దాకా కూర్చుని ఉన్నారు. మూటలు, బిందెలు, చుట్టిన పరుపులు. తెల్లటి పెట్టె లారీ నడుమ నిలబడి ఉంది, వెనక తలుపు బార్లా తెరిచి. లోపలి చల్లదనం తెల్లటి పొగలా గుమ్మం మీంచి జారి నేల మీద మాయమవుతోంది. పిల్లల తల్లులు ఆ పొగలో కాళ్ళు చల్లబరుచుకుంటున్నారు.

గంగరాజు చెడ్డవాడిలా కనిపించడు. బొద్దుగా, నవ్వు మొహంతో ఉంటాడు. ఈ నెల రోజులూ గోడౌనులో మిగిలిన బియ్యం వండించి వచ్చినవాళ్ళందరికీ పెట్టిన చెయ్యి అతనిదే. డీజిల్ కోసం మనిషిని పంపి, అతను వచ్చేదాకా జనానికి ధైర్యం చెబుతున్నాడు.

"రావుగారు వచ్చినాడు! క్యాసెట్టు తెచ్చినావా సామీ? అమ్మాన్‌లో ఒక ఏజెంటుండాడు, మస్కట్‌లో జట్టు కావాలంట. ఇది చూపిస్తే నన్నూ మనోళ్ళనీ నేరుగా తీసుకుంటాడు." అప్పుడు వెనక ఉన్న మనిషిని చూశాడు. నవ్వు పోలేదు గానీ కొంచెం పక్కకు జరిగింది. "ఏం ఓబులేసూ, నువ్వూ వస్తాండావా? చోటుండాది."

"నేను రాను. ఆంజీ, ఇట్ల రా."

నీళ్ళ డబ్బా ఎత్తుతున్న ఆంజి దగ్గరికి వచ్చాడు గానీ మొహం ఖాళీ గోడలా పెట్టుకున్నాడు. "మళ్ళీ ఎందుకొచ్చినావు బావా? ఆ పొద్దే చెప్పినా గదా. నీకు ఆయన మింద కోపముంటే నీతోనే పెట్టుకో."

"పెట్టెలో ఎక్కొద్దురా."

"ఎవురో సచ్చినట్టు చెప్తాండావే! అక్క, నేను, ఊరంతా చూసినాం క్యాసెట్టు. ఆయన్ని తల్చుకోని నువ్వే గదా కండ్లనీళ్ళు పెట్టుకున్యావు? సన్నాయి కూడా పెట్టించుకుంటివి!"

"సన్నాయి నేను పెట్టించలేదు."

"పాట పెట్టినోన్ని అడుగు పో."

పాట పెట్టినవాడు నేల చూస్తున్నాడు.

"ఏందబ్బా ఆ కొట్లాట?" మూటల మధ్య నుంచి ఒక ఆడమనిషి లేచింది. సిద్ధమ్మ, రాయచోటి వైపు మనిషి. ఆమె ఇంటిపని చేసే మామా వాళ్ళు, అంటే యజమానురాలి కుటుంబం, ఎండాకాలం లండన్ పోయి అక్కడే ఉండిపోయారు. ఖాళీ ఇంటి తాళాలు ఇంకా ఆమె కొంగున ముడేసి ఉన్నాయి. "ఓయబ్బ, నువ్వు ఆ ఏడ్చినాయన గదా! మా మామా ఇంట్లో వంటగది టీవీలో చూసినా నిన్ను. నీ యమ్మ, నన్ను గూడా ఏడిపించినావు. పెట్టండి ఆ క్యాసెట్టు, డీజిలు వచ్చేలోపల చూస్తాం. ఈడ కూసోని ఈగల్ని తోలుకునేదానికన్నా మేలు."

వాచ్‌మన్ గదిలో టీవీ ఉంది, వీసీఆర్ ఉంది. గోడౌనుకు కరెంటు ఇంకా వస్తూనే ఉంది. గంగరాజు సంతోషంగా తనే తలుపులు తెరిచి, టీవీని గుమ్మంలోకి జరిపించాడు. "చూడండి, చూడండి. మన జట్టు."

రేకుల నీడలో జనం బాసింపట్టు వేసుకున్నారు. మంగఫ్ ఇసుక వచ్చింది. ఆ ఇసుకలో ఎర్ర బనీన్లు పరుగెత్తాయి. యుద్ధానికి ముందటి వెలుతురు అది, పండిన నిమ్మకాయ రంగులో. అప్పటి బస్సులు, అప్పటి ఐస్‌క్రీం బండి, ఎవరిదో నవ్వు.  చూస్తున్నవాళ్ళు వదిలి వెళ్ళబోయే ఊరు చిన్న పెట్టెలో ఇంకా బతికే ఉంది. ఓబులేసు కూత వచ్చింది, తెగకుండా, పొడుగ్గా. ముప్పై మందీ ఊపిరి బిగబట్టారు. ఆ మనిషే తమ వెనక నిలబడి ఉన్నాడన్నది ఎవరికీ గుర్తు లేదు.

తరవాత నిమ్మచెట్టు కుండీ. ఆటగాళ్ళు ఒక్కొక్కరే నాలుగు ముక్కలు చెప్పారు. చివర్న ఓబులేసు మొహం. సన్నాయి అందుకుంది.

అప్పుడు ఓబులేసు జనం మధ్య నుంచి నడిచి టీవీ పక్కకు వెళ్ళాడు. వంగి, మీట తిప్పి, సన్నాయిని తగ్గించుకుంటూ పోయి పూర్తిగా ఆపేశాడు.

"ఏయ్, పాట!" అన్నాడెవడో.

టీవీలో పెదాలు కదులుతున్నాయి. పక్కన నిలబడిన మనిషి, టీవీ వంక చూడకుండా, జనం వంక చూస్తూ మాట్లాడడం మొదలుపెట్టాడు. మొదటి మాటలో గొంతు పెదాల కన్నా కొంచెం వెనకబడింది. రెండో మాటకు కలుసుకుంది.

"నా పేరు ఓబులేసు. మాది లక్కిరెడ్డిపల్లె. నేను కూతకు పోతా. మేము గెల్చినాం, నిజమే. ఎట్ల గెల్చినామో చెప్తా. ఓడిపోయిన పొద్దల్లా మేస్త్రీ మమ్మల్ని చెమట బనీన్లతోనే కోళ్ళ గదిలోకి తోలి బయట గడియ ఏస్తాడు. లోపల ఊపిరి పొగ మాదిరి వస్తాది. కోళ్ళు రాళ్ళ మాదిరి వరసగా ఉంటాయి, వాటి నడమ నిలబడుకోవాల. కూసుంటే ఇంకొంచేపు. తలుపు కొట్టినోనికి కూడు లేదు. సుబ్బన్న కొట్టినాడు. కొట్టి కొట్టి, ఇంగ కొట్టలేకపోయినాడు. ఎత్తుకోని బయటికి తెస్తే ఎండలో గూడా వణుకుతా ఉన్యాడు. ఊరికి పంపించేసినారు. దగ్గు తగ్గలేదంట."

కుక్కుటేశ్వరరావు ముందుకు వంగి చూశాడు. ప్రతి మాటా పెదాల మీద కూర్చుంటోంది, తాళం చెవి తాళంలో కూర్చున్నట్టు. తను మొహం ఉంచాడు గనక కదా. నియమం కొద్దీ, మేనమామ కొద్దీ, ఉంచిన మొహం. దానికి ఇన్నాళ్ళకు గొంతు దొరికింది.

"నేను ఎందుకు ఆడతాండానంటే, ఆడకుంటే ఈడ ఉండేదానికి ఇచ్చిన ఇఖామా కాయితం పీకి ఊరికి పంపిస్తానంటాడు. ఇది ఆట గాదు." టీవీలో కన్నీటి బొట్టు జారింది. పక్కన ఉన్న మనిషి కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఊపిరి మాత్రం చివరికి వచ్చేసినట్టుంది. గుండె ఎగసిపడుతోంది, అయినా తెగనివ్వలేదు. "అన్నా, కెమెరా ఆయనా, ఈ మాట తీసేయొద్దు."

నక్షత్రం మూసుకుంది.

పెట్టె లారీ యంత్రం గురగురలాడుతోంది. గుమ్మం మీంచి పొగ జారుతూనే ఉంది. దానిలో కాళ్ళు పెట్టుకున్న తల్లి ఒకామె నెమ్మదిగా కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"అబద్ధం," అన్నాడు గంగరాజు. "ఇప్పుడు నోటికొచ్చింది కల్పించి చెప్తాండాడు."

"నోరు అట్లనే కదిలింది గదా," అంది సిద్ధమ్మ. "నేను నాలుగు తూర్లు చూసినా ఆ క్యాసెట్టు. ఆ నోరు ఏం చెప్తాదో అనుకుంటానే ఉంటి."

ఆంజి గంగరాజు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "సుబ్బన్న కత నిజమేనా మేస్త్రీ?"

"సుబ్బన్నకు ముందునుంచే దగ్గుండె రా! లోపలికి పోకముందే దగ్గుతాండె వాడు. చలిలో ఉంటే ఊపిరి గట్టిపడతాదని, మా తాత చెప్పినాడు, ఏట్లో మునిగి నేర్చుకునేవాళ్ళంట. గెలిచినారా లేదా మీరు? కప్పు ఎవురు తెచ్చిరి?"

"అంటే, గడియ ఏసినావన్నమాట," అంది సిద్ధమ్మ మెల్లగా.

 తన తరఫున ఒక మాట అంటాడని గంగరాజు కుక్కుటేశ్వరరావు వైపు చూశాడు. కుక్కుటేశ్వరరావు లేచి నిలబడ్డాడు.  "ఈయన చెప్పిందేనండి టేపులో ఉన్నది. నేను విన్నానండి, మా స్టూడియోలో. విని, సన్నాయి పెట్టేను." 

అంతలో డీజిల్ డబ్బాలతో మనిషి వచ్చాడు. ఆ సమయంలో జనం ఎటు పోతారో తెలియలేదు. కోపం ఉంది గానీ, ఎడారి కూడా ఉంది. వేరే బండి లేదు. అందరూ మూటలవైపూ లారీవైపూ చూస్తున్నారు.

"లారీలో పోవాల్సిందే గదా," అంది సిద్ధమ్మ. కొంగున తాళాలు గలగలమన్నాయి. "నేను ఎక్కుతా. తలుపు మాత్రం ఉండగూడదు."

"తలుపు లేకుంటే చల్లదనం నిలబడదు," అన్నాడు గంగరాజు. "ఎండకు చస్తారు."

"ఎండ మనకు కొత్తనా నాయనా?"

ఆంజి అప్పటికే వాచ్‌మన్ గదిలోంచి పానా తెచ్చాడు. తలుపు కీళ్ళ బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. ఒక్కొక్కటే విప్పుతుంటే చెమట అతని ముక్కు కొసనుంచి బోల్టుల మీద పడింది. చివరి బోల్టు ఊడాక తలుపు బరువంతా ఒక్కసారి వంగింది. ముగ్గురు పట్టుకున్నా ఆగలేదు. నాలుగో చెయ్యి గంగరాజుదే. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. నలుగురూ కలిసి దాన్ని ఇసుకలో పడేశారు. గడియ పైకి ఉంది. ఎండ తగిలి మెరిసింది.

లోపల మిగిలిన చలి బయటికి వచ్చి, వాళ్ళ చీలమండల చుట్టూ తిరిగి, ఎండలో కరిగిపోయింది. మూటలు ఎక్కించడం మొదలైంది. ఆంజి గుమ్మం దగ్గర కూర్చునే చోటు తీసుకుని, అడ్డంగా ఒక తాడు కట్టాడు. పిల్లలు జారిపోకుండా.

కుక్కుటేశ్వరరావు వీసీఆర్‌లోంచి క్యాసెట్టు తీశాడు. గంగరాజు చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. ఇది ఓబులేసుది అనుకున్నాడు, ఓబులేసుకే ఇవ్వాలి. ఏమని ఇవ్వాలో మాటలు కూర్చుకుంటూ అతని కోసం చూశాడు. టీవీ పక్కన లేడు. రేకుల నీడలో లేడు. కుళాయి దగ్గర లేడు.

"బావా!" లారీ మీంచి ఆంజి అరిచాడు. చెయ్యి గేటు వైపు చూపిస్తోంది.

గేటు అవతల, అబ్బాసియా పోయే రోడ్డు మీద, ఓబులేసు నడిచిపోతున్నాడు. చేతులు ఖాళీగా, వేగంగా కాదు, నెమ్మదిగా కాదు. ఆంజి మళ్ళీ పిలిచాడు. ఆ పిలుపు తెల్లటి ఎండలోకి పోయి ఎక్కడ ఆగిందో తెలియలేదు. కుక్కుటేశ్వరరావు క్యాసెట్టు పట్టుకుని గేటు దాకా పరుగెత్తాడు. అక్కడ ఆగి, తెలియకుండానే ఒక కన్ను మూశాడు. ఎదురుగా నాలుగు అంచులు గీసుకున్నాడు.

ఎండమావి ముందు చెప్పుల్ని తీసుకుంది, తరవాత మోకాళ్ళని. నడుము నుంచి పైకి మిగిలిన మనిషి నీళ్ళ మీద తేలుతూ రోడ్డు చివర ఇంకో ఎర్ర దీపం దాకా పోయాడు. ఆగకుండా దాన్ని దాటేశాడు.